కౌంటరు ముందు బారు – ఎర్లాంగ్ కట్టిన లెక్క

గంటకు 20 మందికి టిక్కెట్లు ఇవ్వగల కౌంటరు ఒకటి ఉందనుకుందాం. అంటే ఒక్కొక్కరికి సగటున 3 నిమిషాలు పడుతుంది. ఆ కౌంటరుకు గంటకు సగటున 19 మంది వస్తున్నారు. అక్కడ బారు ఏర్పడుతుందా?

ఏర్పడదనే చాలామంది జవాబు చెబుతారు. వచ్చేవారు 19 మంది, పంపగలిగేది 20 మందిని. గుమాస్తాకు గంటకు 3 నిమిషాల తీరిక కూడా మిగులుతుంది. ఇక బారు ఎందుకు? తీసివేత వచ్చిన ఎవరికైనా తోచే మాట ఇది. అయితే అసలు జవాబు వేరు. ఆ కౌంటరు ముందు సగటున 18 మంది నిలబడి ఉంటారు. కొత్తగా వచ్చిన మనిషి తన వంతు కోసం సగటున 57 నిమిషాలు ఆగవలసి ఉంటుంది. మూడు నిమిషాల పనికి గంట నిరీక్షణ!

ఇది అతిశయోక్తి కాదు. గుమాస్తా సోమరితనం మీద నింద వేయవలసిన పని కూడా లేదు. ఆ 18 మందిని అక్కడ నిలబెట్టినది జనం రాకలోని క్రమరాహిత్యం. ఈ సంగతిని లెక్క కట్టి చూపినవాడు అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితజ్ఞుడు. ఆయన లెక్క కట్టినది టిక్కెట్ల కౌంటరు గురించి కాదు, టెలిఫోను గురించి.

బడిపంతులు కొడుకు

ఎర్లాంగ్ 1878 జనవరి 1న డెన్మార్క్‌లోని జట్‌లాండ్ ప్రాంతంలో, లోన్‌బోర్గ్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి ఆ ఊరి బడిపంతులు. ఎర్లాంగ్ 14 ఏళ్ళకే, వయసు చాలకపోయినా ప్రత్యేక అనుమతితో ప్రవేశ పరీక్ష రాసి నెగ్గాడు. కొంతకాలం తండ్రి బడిలోనే పాఠాలు చెప్పాడు. తరువాత కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో చదివి 1901లో గణితంలో పట్టా పుచ్చుకున్నాడు. ఆ తరువాత ఏడేళ్ళు మళ్ళీ బడిపంతులే. గణితజ్ఞుల సంఘం సమావేశాలకు మాత్రం తప్పక వెళ్ళేవాడు. అక్కడే ఆయనకు యెన్సెన్ పరిచయమయ్యాడు. ఉన్నత గణితం చదివే విద్యార్థులకు ‘యెన్సెన్ అసమానత’గా తెలిసిన ఫలితం ఈయనదే. కడుపు నింపిన ఉద్యోగం మాత్రం వేరు: కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో చీఫ్ ఇంజనీరు.

ఆ కంపెనీ అధిపతి యొహాన్‌సెన్‌ను చాలాకాలంగా ఒక ప్రశ్న వేధిస్తోంది. ఆనాటి టెలిఫోను ఎక్స్చేంజిలో అన్నీ మనుషులే చేయాలి. చందాదారు ఫోను ఎత్తితే స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న ఆపరేటరు పలికి, తీగను సరైన రంధ్రంలో దూర్చి, అవతలివారితో కలిపేది. ఎందరు ఆపరేటర్లు కావాలి? రెండు ఎక్స్చేంజిల మధ్య ఎన్ని లైన్లు వేయాలి? తక్కువైతే చందాదారులు కేకలు వేస్తారు. ఎక్కువైతే జీతాలు, రాగితీగలు దండగ. యొహాన్‌సెన్ తానే సంభావ్యతా గణితం పట్టుకుని కొంత ప్రయత్నించాడు గాని ముడి విడలేదు. యెన్సెన్ ద్వారా ఎర్లాంగ్ సంగతి తెలుసుకుని 1908లో కంపెనీలో చేర్చుకున్నాడు.

చేర్చుకున్నది ప్రయోగశాలకు అధిపతిగా. కాని మొదట్లో ఆ ప్రయోగశాలలో సహాయకులే లేరు. భూమిలో దారితప్పి పారే విద్యుత్తును కొలవడానికి ఈ గణితజ్ఞుడు, నిచ్చెన మోసే కూలీని వెంటబెట్టుకుని కోపెన్‌హాగన్ వీధుల్లో మ్యాన్‌హోళ్ళలోకి దిగేవాడట.

ఎవరు వస్తారో తెలియదు, ఎందరు వస్తారో తెలుసు

1909లో ఎర్లాంగ్ తన మొదటి ముఖ్యమైన పత్రం ప్రచురించాడు. ఫలానా చందాదారు ఎప్పుడు ఫోను చేస్తాడో ఎవరూ చెప్పలేరు. అయితే వేలమంది చందాదారులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఎవరి పనిమీద వారు ఫోను చేస్తుంటే, ఆ కాల్స్ మొత్తం మీద ఒక నియమాన్ని పాటిస్తాయని ఆయన చూపాడు. ఫ్రెంచి గణితజ్ఞుడు పాసాన్ 1837లో ప్రచురించిన గ్రంథంలోని విభాజనం ఇది. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రపు తన్నులకు చనిపోయిన సైనికుల సంఖ్యలు ఇదే విభాజనానికి సరిపోతాయని చూపాడు. గుర్రపు తన్నులకు, టెలిఫోను గంటలకు ఒకే సూత్రం!

దీన్ని మన కౌంటరుకు అన్వయిద్దాం. గంటకు 19 మంది అంటే ప్రతి 3 నిమిషాలకు సగటున 0.95 మంది. మనిషికి 3 నిమిషాల పని కాబట్టి, ప్రతి 3 నిమిషాలకు ఒక్కరు చొప్పున వస్తే ఏ గొడవా లేదు. కాని పాసాన్ లెక్క ప్రకారం అలాంటి 100 విరామాలు తీసుకుంటే, సుమారు 39 విరామాలలో ఒక్కరూ రారు. 37 విరామాలలో ఒక్కరే వస్తారు. మిగిలిన 24 లేక 25 విరామాలలో ఇద్దరో, ముగ్గురో, అంతకుమించో వస్తారు. బారు పుట్టేది ఇక్కడే. గుంపుగా వచ్చినప్పుడు పని పోగుపడుతుంది. బారు లేని వేళ ఎవరూ రాకపోతే గుమాస్తా ఊరికే కూర్చుంటాడు. ఆ ఖాళీ నిమిషాలను డబ్బాలో దాచిపెట్టి, రద్దీ వేళ తీసి వాడుకోవడం కుదరదు. పోయిన నిమిషం పోయినట్లే. పోగుపడిన పని మాత్రం పోదు.

నిరీక్షణ ఎంతో చెప్పే సూత్రం చాలా తేలికైనది. రాకపోకలు ఇలా యాదృచ్ఛికంగా ఉండి, ఒక్కొక్కరికి పట్టే సమయం కూడా యాదృచ్ఛికంగా మారుతూ ఉన్నప్పుడు, కౌంటరు పనిలో ఉండే సమయాన్ని ఖాళీగా ఉండే సమయంతో భాగించి, వచ్చినదాన్ని ఒక్కొక్కరికి పట్టే సగటు సమయంతో గుణించాలి. గంటకు 10 మంది వస్తే కౌంటరు 30 నిమిషాలు పనిలో, 30 నిమిషాలు ఖాళీగా ఉంటుంది. నిరీక్షణ 3 నిమిషాలు. 15 మంది వస్తే 45ను 15తో భాగించాలి. నిరీక్షణ 9 నిమిషాలు. 18 మంది అయితే 27 నిమిషాలు. 19 మంది అయితే 57 నిమిషాలు. 18కి ఒక్క మనిషి పెరిగినందుకు నిరీక్షణ రెట్టింపు దాటింది. 20 మందీ వస్తే హారంలో సున్న మిగులుతుంది: బారు అంతులేకుండా పెరుగుతూనే పోతుంది.

ఇవి దీర్ఘకాలపు సగటులు అని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఉదయం ఖాళీగా తెరిచిన కౌంటరు ముందు బారు ఒక్క పూటలోనే 18 మందికి చేరుతుందని లేదు. ఒక్కొక్కరికి సరిగ్గా 3 నిమిషాలే పడితే నిరీక్షణ ఇందులో సగమే, అంటే 28 నిమిషాల 30 సెకన్లు. అయినా గీత మలుపు తిరిగే తీరు మారదు. కౌంటరును నిండుగా పనిచేయించాలని ప్రయత్నించిన కొద్దీ బారు విపరీతంగా పెరుగుతుంది.

కార్యాలయాలను నడిపేవారికి ఈ మాట రుచించదు. గంటకు 15 మంది వచ్చే కౌంటరులో గుమాస్తా 15 నిమిషాలు ఖాళీగా కూర్చుంటాడు. తనిఖీకి వచ్చిన అధికారి కంటికి కనిపించేది ఆ 15 నిమిషాలే. ‘ఇద్దరు గుమాస్తాలు ఎందుకు, ఒకరు చాలు’ అంటాడు. గుమాస్తా జీతం కార్యాలయం ఖాతాలో ఖర్చుగా కనిపిస్తుంది. బారులో నిలబడ్డ 18 మంది సమయం ఎవరి ఖాతాలోనూ కనిపించదు. వారిలో రోజుకూలీ వదులుకుని వచ్చినవాడు ఉండవచ్చు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి ఉండవచ్చు. గంటకు 19 మంది వచ్చే కౌంటరు ముందు ప్రతి గంటలోనూ జనం సమయం మొత్తం మీద 18 గంటలు కరిగిపోతోంది. దానికి బదులుగా మిగిలింది గుమాస్తా తీరికలో 12 నిమిషాలు. ఏది దుబారా?

లైన్ల లెక్క

ఎర్లాంగ్ 1917లో మరో పత్రం వెలువరించాడు. ఆయన కీర్తికి ప్రధానంగా ఇదే కారణం. అప్పటికి ఆటోమాటిక్ ఎక్స్చేంజిలు వస్తున్నాయి. లైన్లన్నీ నిండి ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన కాల్ ఏమవుతుంది? రెండు దారులు. వెనక్కు తిరిగిపోవడం ఒకటి, ఆగి తన వంతు కోసం చూడడం రెండోది. రెండింటికీ ఆయన సూత్రాలు ఇచ్చాడు. మొదటి దాని ప్రకారం, ఏ క్షణంలోనైనా సగటున 10 లైన్లకు సరిపడే సంభాషణలు జరిగే చోట, నూటికి ఒక కాల్ కంటే ఎక్కువ తిరిగిపోకూడదంటే 18 లైన్లు ఉండాలి. సగటున 100 లైన్ల పని ఉన్న చోట 180 కావాలని మనం అనుకుంటాం. కాని 117 చాలు! పెద్ద ఎక్స్చేంజిలో హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. ఇది తరువాత కౌంటర్ల విషయంలో మనకు పనికివస్తుంది.

ఈ సూత్రాలను బ్రిటిష్ పోస్టాఫీసు (అక్కడ టెలిఫోన్లూ దానివే) వాడుకుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాల పరిశోధకుడు ఒకరు ఎర్లాంగ్ పత్రాలను మూలంలో చదవడానికే డేనిష్ భాష నేర్చుకున్నాడని చెబుతారు. ఎర్లాంగ్ పెళ్ళి చేసుకోలేదు. కంపెనీలో చేరాక ఇరవయ్యేళ్ళపాటు జబ్బు పేరుతో సెలవు పెట్టి ఎరుగడు. 1929 ఫిబ్రవరి 3న, 51వ ఏట మరణించాడు. టెలిఫోను రద్దీని కొలిచే ప్రమాణానికి 1946లో ఆయన పేరే పెట్టారు: ఒక లైను గంటసేపు ఎడతెగకుండా పనిలో ఉంటే అది ఒక ఎర్లాంగ్. కంప్యూటరు విద్యార్థులకు తెలిసిన ఎర్లాంగ్ ప్రోగ్రామింగ్ భాష కూడా ఒక టెలిఫోను కంపెనీలోనే పుట్టింది.

ఆయన తరువాత పొలాచెక్ 1930లో, రష్యన్ గణితజ్ఞుడు ఖించిన్ 1932లో మరో ముడి విప్పారు. ఒక్కొక్కరికి పట్టే సమయం ఎంత అస్తవ్యస్తంగా మారుతుంటే నిరీక్షణ అంత పెరుగుతుంది, సగటు మారకపోయినా సరే. తపాలా కార్యాలయంలో ఒక్క స్టాంపు కోసం వచ్చినవాడి ముందు, నలభై రిజిస్టర్డు ఉత్తరాల కట్టతో వచ్చిన ఆఫీసు బంట్రోతు నిలబడితే ఏమవుతుందో అందరికీ అనుభవమే. చిన్న పనులకు వేరే కౌంటరు పెట్టడం వెనుక ఉన్న తర్కం ఇదే. 1953లో ఇంగ్లండుకు చెందిన డేవిడ్ కెండాల్ ఈ బారులన్నింటికీ పొట్టి పేర్లు పెట్టాడు. పాఠ్యపుస్తకాలలో కనిపించే ‘ఎం/ఎం/1’ వంటి గుర్తులు ఆయన పెట్టినవే. మనదేశం నుంచి కాలికట్‌లో పుట్టి, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో బోధించి, తరువాత అమెరికా వెళ్ళిన ఎన్.యు. ప్రభు, గౌహతి విశ్వవిద్యాలయానికి చెందిన జ్యోతిప్రసాద్ మేధి ఈ శాస్త్రంలో పేరుపొందిన గ్రంథాలు రాశారు.

టెలిఫోను నుంచి సుంకం గేటుకు

టెలిఫోను కోసం పుట్టిన లెక్క మనుషులు, వాహనాలు నిలబడే కౌంటరు దగ్గరకు వచ్చిన కథలో న్యూయార్కు రేవు సంస్థ ఉద్యోగి లెస్లీ ఈడీ పేరు చెప్పుకోవాలి. న్యూయార్కు వంతెనలు, సొరంగాల దగ్గర వాహనాల నుంచి సుంకం వసూలు చేసే గదులు బారుగా ఉండేవి. ఏ వేళలో ఎన్ని గదులు తెరవాలన్నది అక్కడి పర్యవేక్షకుల అనుభవం మీదే ఆధారపడేది. ఈడీ జార్జి వాషింగ్టన్ వంతెన, లింకన్ సొరంగం వద్ద వాహనాల రాకను, ఆలస్యాన్ని కొలిపించి, వాటిని సిద్ధాంతంతో సరిచూశాడు. ఇంత రద్దీకి ఇన్ని గదులు తెరిస్తే ఇంత ఆలస్యం అని ముందే చెప్పగలిగాడు. 1954లో అచ్చయిన ఆ పత్రానికి ఆపరేషన్స్ రీసెర్చి రంగంలో ఇచ్చే లాంచెస్టర్ బహుమతి తొలిసారిగా లభించింది.

ఆ పత్రంలో నాకు నచ్చినది ఇంకొకటి. ఈడీ వాహనదారుల ఆలస్యాన్ని, సంస్థ ఖర్చును మాత్రమే లెక్కలోకి తీసుకోలేదు. సుంకం వసూలు చేసే ఉద్యోగి తిండికి, విశ్రాంతికి ఎప్పుడు లేవాలన్నది కూడా లెక్కలో చేర్చాడు. బారు తగ్గినప్పుడు చూసి లేద్దామంటే, అది ఎప్పుడు తగ్గుతుందో ఎవరికి తెలుసు? విరామాలను ముందే నిర్ణయించి పట్టిక వేయవచ్చునని ఆయన చూపాడు. కౌంటరు లోపల కూర్చున్నవాడూ మనిషే అన్న సంగతి గణిత పత్రాలలో అరుదుగా కనిపిస్తుంది.

1961లో అమెరికాకు చెందిన జాన్ లిటిల్ రుజువు చేసిన నియమం మరీ తేలికైనది. బారులో ఉన్న సగటు జనసంఖ్య, గంటకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు గడిపే సగటు సమయంతో గుణించినంత. అంతే. రాకలు ఏ విభాజనాన్ని పాటించినా, లోపల ఎన్ని కౌంటర్లున్నా ఇది చెల్లుతుంది. గంటకు 60 మంది వస్తున్న చోట సగటున 30 మంది నిలబడి ఉన్నారంటే, ఒక్కొక్కరు సగటున అరగంట ఆగుతున్నారన్నమాట. గడియారం పట్టుకుని ఎవరి వెంటా తిరగనక్కరలేదు, తలలు లెక్కపెడితే చాలు. అందరూ నిజమని నమ్మి వాడుతున్న ఈ సంగతికి సాధారణమైన రుజువు మాత్రం అంతవరకు లేదు. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న లిటిల్‌ను ఈ పనికి పురికొల్పిందట.

ఏ కౌంటరులోనైనా, ఏ రైలుకైనా

ఇక మన రైల్వే రిజర్వేషను కౌంటరు సంగతి. 1980ల నడిమి వరకు రిజర్వేషను అంతా చేతిరాత రిజిస్టర్లలో జరిగేది. ఒక రైలు బెర్తుల రిజిస్టరు ఒకచోటే ఉండగలదు. అందుచేత ఈ కౌంటరులో ఈ రైళ్ళు, ఆ కౌంటరులో ఆ రైళ్ళు అని పంచేవారు. ఒక రైలు కౌంటరు ముందు బారు వరండా దాటి రోడ్డు మీదికి వచ్చినా, పక్క కౌంటరు గుమాస్తా చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే. ఆయన దగ్గర ఆ రిజిస్టరు లేదు. ఒక రైలులో చోటు లేదని తెలిశాక, మరో రైలు కోసం ఇంకో బారు చివర మళ్ళీ నిలబడాలి.

దీనివల్ల ఎంత నష్టమో ఎర్లాంగ్ సూత్రంతో చూద్దాం. రెండు కౌంటర్లు, రెండు బారులు. ఒక్కోదానికి గంటకు 18 మంది వస్తారు. ఒక్కో కౌంటరు గంటకు 20 మందిని పంపగలదు. నిరీక్షణ 27 నిమిషాలని ఇంతకుముందే చూశాం. ఇప్పుడు రెండు బారులను కలిపి ఒకటి చేసి, ముందున్న మనిషి ఏ కౌంటరు ఖాళీ అయితే అక్కడికి వెళ్ళేలా ఏర్పాటు చేద్దాం. కొత్త గుమాస్తా లేడు. ఎవరూ వేగం పెంచలేదు. అయినా నిరీక్షణ సుమారు 13 నిమిషాలకు పడిపోతుంది. ఒకచోట బారు ఉండగా మరోచోట గుమాస్తా ఖాళీగా ఉండే పరిస్థితి పోవడమే ఇందుకు కారణం. 10 లైన్ల, 100 లైన్ల లెక్కలో చూసినదే ఇక్కడా పనిచేసింది. (రెండు బారులున్నా జనం ఒకదానిలోంచి మరోదానిలోకి దూకగలిగితే తేడా ఇంత ఉండదు. రైలుకొక కౌంటరు ఉన్నప్పుడు దూకే వీలే లేదు.)

న్యూఢిల్లీలో 1985–86లో కంప్యూటరు రిజర్వేషను మొదలైంది. సి.ఎం.సి. అనే ప్రభుత్వరంగ సంస్థ ఇందుకు ‘ఇంప్రెస్’ అనే కార్యక్రమాన్ని తయారుచేసింది. రిజిస్టరు కంప్యూటరులోకి వెళ్ళడంతో ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టిక్కెట్టు ఇవ్వడం సాధ్యమైంది. తరువాత రైల్వేల సొంత సంస్థ క్రిస్ తయారుచేసిన ‘కాన్సర్ట్’ను 1994లో మొదటగా మన సికింద్రాబాదులోనే అమర్చారు. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబాయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ కలిసిపోయాయి. కంప్యూటరు వచ్చి పని వేగవంతమైందని అందరూ చెప్పుకున్నారు. నిజమే. కాని వేగం కంటే, విడివిడి బారులు ఒకే సేవకు చేరడమే ఎక్కువ మేలు చేసి ఉంటుందని నా అభిప్రాయం.

పక్క బారు ఎప్పుడూ మనదాని కంటే ముందు కదులుతున్నట్లు అనిపించడం కూడా భ్రమ కాదు. పక్కపక్కన మూడు బారులుంటే, మనం నిలబడ్డదే అన్నింటికంటే త్వరగా కదిలే అవకాశం మూడింట ఒకటి. అంటే మూడుసార్లలో రెండుసార్లు పక్కవారిలో ఎవరో ఒకరు మనల్ని దాటిపోతారు. ఒకే బారు ఏర్పాటులో ఈ బాధ లేదు. వెనుక వచ్చినవాడు ముందు కౌంటరు చేరడం ఉండదు.

ఎర్లాంగ్ లెక్క పనిచేయని చోటు కూడా ఒకటి చెప్పాలి. జనం ఎవరి పనిమీద వారు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వస్తారన్నది దాని పునాది. 1997లో మొదలైన తత్కాల్ పథకంలో అలా కాదు. కౌంటరు తెరిచే వేళకే అందరూ ఒక్కసారిగా వస్తారు. అక్కడ పాసాన్ విభాజనం చెల్లదు. పైగా ఆ బారు గుమాస్తా కోసం కాదు, బెర్తు కోసం. పది కౌంటర్లు తెరిచినా బెర్తులు పెరగవు; నిరాశ మాత్రం త్వరగా తెలుస్తుంది. 2002లో ఇంటర్నెట్ టిక్కెట్లు మొదలయ్యాక ఈ బారులో చాలా భాగం కంప్యూటర్ల లోపలికి వెళ్ళిపోయింది. అక్కడ కూడా సందేశాలు ఒకదాని వెనుక ఒకటి వంతు కోసం నిలబడతాయి. లెనార్డ్ క్లైన్‌రాక్ 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేసిన పరిశోధన, ఇంటర్నెట్ పుట్టకముందే, ఆ బారులను ఎర్లాంగ్ బాటలో లెక్క కట్టింది.

ఇదంతా మీరే సరిచూడవచ్చు. దగ్గరలోని తపాలా కార్యాలయంలోనో, బస్‌పాస్ కౌంటరులోనో చెప్పి అనుమతి తీసుకుని, ఒక గంట ఒక మూల కూర్చోండి. గంటను 3 నిమిషాల చొప్పున 20 భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఎందరు వచ్చారో ఒకరు రాయండి. భాగానికి సగటున ఒకరు చొప్పున వస్తుంటే, ఒక్కరూ రాని భాగాలు 20లో ఏడు దాకా ఉండాలి. ప్రతి భాగం చివర బారులో ఎందరున్నారో ఇంకొకరు రాయండి. వాటి సగటును గంటకు వచ్చినవారి సంఖ్యతో భాగిస్తే, లిటిల్ నియమం ప్రకారం సగటు నిరీక్షణ గంటలలో వస్తుంది. 60తో గుణిస్తే నిమిషాలలో. నలుగురైదుగురు ఎంతసేపు ఆగారో గడియారంతో చూసి దీనితో పోల్చండి. కౌంటరు తెరిచిన మొదటి అరగంట అంకెలను మాత్రం వేరే కాగితం మీద రాసుకోండి. అవి మిగతావాటితో కలవవు.